విన్నీ మే పడింది గుంట వల్లేనా?

అమెరికన్ పైలట్ వైలీ పోస్ట్ 1933లో విన్నీ మే అనే విమానంలో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన కథ ఎక్కడ చదివినా ఫ్లాట్‌లో జరిగింది రెండు వాక్యాల్లో తేలిపోతుంది. అలాస్కాలో దారి తప్పాడు, ఫ్లాట్ అనే గనుల ఊళ్ళో దిగాడు, రన్‌వే పొట్టిది, చివర గుంట ఉంది, విమానం అందులోకి దూసుకుపోయి ముక్కు మీద పడింది. అంతే. ఆ వెంటనే స్నేహితుడు కొత్త ప్రొపెల్లర్ పట్టుకొస్తాడు, పోస్ట్ మళ్ళీ గాల్లోకి లేస్తాడు, కథ 7 రోజుల 18 గంటల 49 నిమిషాల రికార్డు వైపు పరుగు తీస్తుంది.

1933 జులై 20 నాటి ఆ లాండింగ్‌ని గుంట ఖాతాలో వేసేసి ముందుకు పోవడం నాకు మింగుడుపడదు. గుంట ఉన్నమాట నిజమే. విమానం ఎక్కడ ఆగిందో అది చెబుతుంది. దానికంటే ముందే ఎందుకు ఆగలేకపోయిందో తెలియాలంటే ఆ విమానాన్ని ఎవరు, దేనికోసం కొన్నారో చూడాలి. దాన్ని నేలకు దించడం అంటే ఏమిటో, ఆరోజుకి పోస్ట్ ఒంట్లో ఎంత ఓపిక మిగిలిందో చూడాలి. నా వాదన ఇది: విన్నీ మే లాక్‌హీడ్ కంపెనీ వేగా రకం, వేగా వేగం కోసం పుట్టిన విమానం, ఆ వేగాన్ని నేల దగ్గర వదిలించుకోవడానికి దానికి చాలా చోటు కావాలి, లేదా చాలా నేర్పు కావాలి. ఫ్లాట్‌లో చోటు లేదు. నేర్పున్న మనిషి అప్పటికి అయిదు రోజులుగా సరిగ్గా నిద్రపోలేదు.

చమురు వ్యాపారి కొనుక్కున్న వేగం

విన్నీ మే అసలు రికార్డుల కోసం పుట్టిన విమానం కాదు. ఓక్లహోమాలో ఎఫ్.సి. హాల్ అనే చమురు వ్యాపారి ఉండేవాడు. ఒక చమురు బావి నుంచి ఇంకో బావికి, ఒక ఒప్పందం నుంచి ఇంకో ఒప్పందానికి రైళ్ళలో తిరిగితే పోటీవాడు ముందు చేరుకుంటున్న రోజులవి. అందుకని 1928లో పోస్ట్‌ని సొంత పైలట్‌గా పెట్టుకుని వేగా విమానం ఒకటి కొన్నాడు, కూతురు పేరు పెట్టాడు. మాంద్యం రాగానే దాన్ని తిరిగి లాక్‌హీడ్‌కే అమ్మేశాడు. 1930లో కొన్న రెండో వేగాకీ అదే పేరు. మనం చెప్పుకునే విన్నీ మే ఈ రెండోది. 1931 ప్రపంచయాత్ర తరవాత అది పోస్ట్ చేతికి వచ్చింది, కాబట్టి ఫ్లాట్‌లో పడేనాటికి కంపెనీ విమానం కాదు. పుట్టుక మాత్రం కంపెనీ విమానంగానే.

ఆ రోజుల్లో వేగాని కోరుకున్నవాళ్ళలో చమురు వాళ్ళు ఎక్కువ. షెల్ కంపెనీ విమాన విభాగం చూసిన జిమ్మీ డూలిటిల్ నడిపింది వేగానే. టెక్సాకో తరఫున ఫ్రాంక్ హాక్స్ నడిపిన ఎయిర్ ఎక్స్‌ప్రెస్ వేగాకి తోబుట్టువు లాంటిది. అసలు మొట్టమొదటి వేగాని కొన్నది పత్రికల వ్యాపారి జార్జ్ హర్స్ట్. అది 1927 ఆగస్టులో హవాయి పందెంలో పసిఫిక్ మీద మాయమైపోయింది. డబ్బున్నవాళ్ళు వేగా కొనేటప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే, గంటకి ఎన్ని మైళ్ళు పోతుంది అని. ఎన్ని అడుగుల్లో ఆగుతుంది అని అడిగినవాళ్ళు ఎంతమంది ఉంటారు?

వేగాని రూపొందించిన జాక్ నార్త్రప్ ఆ మొదటి ప్రశ్నకి అద్భుతంగా జవాబు చెప్పాడు. 1927 జులై 4న మొదటిసారి ఎగిరిన వేగా కట్టుబడి చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఫ్యూజలాజ్, అంటే విమానం ఒళ్ళు, అందులో సగం ఆకారంలో పెద్ద కాంక్రీటు అచ్చు పోశారు. పలచటి స్ప్రూస్ చెక్క పొరల్ని జిగురు రాసి ఒకదాని మీద ఒకటి అందులో పరిచేవాళ్ళు. పైన రబ్బరు సంచి దించి గాలి కొట్టేవాళ్ళు. ఆ ఒత్తిడికి పొరలన్నీ అచ్చుకి అతుక్కుని గుడ్డు పెంకులాంటి డొల్ల తయారయ్యేది. రెండు డొల్లలు కలిపితే ఫ్యూజలాజ్. రెక్కకి బయట ఊతకర్రలు లేవు, తీగలు లేవు, 41 అడుగుల రెక్క ఒకే ముక్కగా పైన కూచుంటుంది. ఇంజను చుట్టూ ఎన్ఏసీఏ (అమెరికా విమాన పరిశోధన సంస్థ) తయారుచేసిన కౌలింగ్ అనే లోహపు తొడుగు వేస్తే ఎంత తేడా వస్తుందో 1929లో ఎయిర్ ఎక్స్‌ప్రెస్ మీదే తేలింది: గంటకి 157 మైళ్ళ విమానం 177కి చేరింది, అదే ఇంజనుతో.

గాలి పట్టుకోవడానికి ఎక్కడా ఏమీ మిగల్చలేదన్నమాట. దిగేటప్పుడు పైలట్‌కి కావలసింది మాత్రం సరిగ్గా అదే, గాలి పట్టుకునేది ఏదో ఒకటి. వేగాకి ఫ్లాప్స్, అంటే రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు, లేవు. ఈరోజు చిన్న సెస్నా నడిపే విద్యార్థికి కూడా ఫ్లాప్స్ ఉంటాయి. అవి దించగానే విమానం నెమ్మదిస్తుంది, ముక్కు దిగుతుంది, ముందు నేల కనిపిస్తుంది. వేగాలో ఎత్తు తగ్గించుకోవాలంటే ఇంజను తగ్గించి ఓపిగ్గా జారాలి. లేదా రడ్డర్ (తోక మీది చుక్కాని) ఒక వైపు తొక్కి, రెక్క ఇంకో వైపు వంచి, విమానాన్ని పక్కవాటుగా గాలికి అడ్డంపెట్టి జార్చాలి. ఇది పాతకాలం పైలట్లకి వెన్నతో పెట్టిన విద్యే. కాకపోతే నేలకి దగ్గరపడ్డాక దాన్ని వదిలి విమానాన్ని తిన్నగా చేసుకోవాలి. సరిగ్గా ఆ క్షణంలో ఎంత వేగం మిగిలి ఉందన్నదే అసలు సంగతి.

700 అడుగుల లెక్క

ఫ్లాట్ రన్‌వే పొడవు సుమారు 700 అడుగులు. ఈ అంకె చదివి ముందుకు వెళ్ళిపోవద్దు. కాగితం తీసుకుని లెక్క వేద్దాం.

నేల తాకేటప్పుడు విమానం వేగం గంటకి 60 మైళ్ళు అనుకుందాం. అంటే సెకనుకి 88 అడుగులు. గాలి లేదనుకుందాం. రన్‌వే మొదటి అంగుళంలోనే చక్రాలు ఆనితే, 700 అడుగుల్లో ఆగడానికి గురుత్వ బలంలో దాదాపు ఆరో వంతు, 0.17, బ్రేకింగ్ కావాలి. మట్టి నేల మీద ఇది దొరుకుతుంది, పెద్ద కష్టం కాదు. చక్రాలు ఆనకుండా రెండు సెకన్లు తేలిందనుకోండి, 176 అడుగులు పోయాయి. మిగిలిన 524 అడుగుల్లో ఆగాలంటే 0.23 కావాలి. మూడు సెకన్లు తేలితే మిగిలేది 436 అడుగులు, కావలసింది 0.28. మూడు సెకన్లంటే ఒక ఊపిరి తీసి వదిలేంత సేపు.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. నేల తాకాల్సిన వేగం 60 అయితే పైలట్ 70తో వచ్చాడనుకుందాం. నున్నటి విమానం నేలకి దగ్గరగా ఎగురుతున్నప్పుడు రెక్కల వెనక గాలి కిందికి దిగలేక విమానాన్ని వెనక్కి లాగే గాలి లాగుడు ఇంకా తగ్గుతుంది. బరువులో పదో వంతు లాగుడు ఉందని ఉదారంగా అనుకున్నా, ఆ పది మైళ్ళ అదనపు వేగం కరిగిపోవడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. ఈలోగా విమానం 400 అడుగులకి పైగా తేలిపోతుంది. మొత్తం 700లో 400! ఇక మిగిలిన దాంట్లో ఏ బ్రేకూ ఆపలేదు. గంటకి పది మైళ్ళ తేడా అలిసిపోయిన మనిషికి తెలియను కూడా తెలియదు. స్పీడు మీటరు ముల్లు వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది, అంతే.

ఎదురుగాలి ఉంటే ఈ లెక్క చాలా మెరుగుపడుతుంది. పది మైళ్ళ ఎదురుగాలిలో నేల మీద వేగం 50కి దిగుతుంది, ఆపాల్సిన శక్తి దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. అందుకే ముందు ఒకసారి పైనుంచి చుట్టి పొగనో, ఎండేసిన బట్టల్నో చూసి గాలివాటం తెలుసుకోవడం ఆ కాలంలో ప్రాణం నిలిపే అలవాటు. ఇంకో మాట, ఫ్లాట్ చేరేసరికి పోస్ట్ చాలా పెట్రోలు కాల్చేశాడు. 600 గ్యాలన్లకి పైగా పట్టే ట్యాంకులు బాగా తేలికపడి ఉంటాయి. బరువు తగ్గితే దిగే వేగమూ తగ్గుతుంది. కాబట్టి ఆ 700 అడుగుల్లో వేగాని ఆపడం అసాధ్యమని నేననను. సాధ్యమే. కాకపోతే ప్రతి సెకనూ, ప్రతి అయిదు మైళ్ళూ సరిగ్గా కుదరాలి. ఇప్పుడు రవాణా జెట్లకి పెట్టిన నియమం ప్రకారం లాండింగ్ దూరం రన్‌వే పొడవులో 60 శాతానికి మించకూడదు. ఆ లెక్కన ఫ్లాట్‌లో 420 అడుగుల్లో ఆగగలిగే విమానమే దిగాలి.

నన్ను చాలాసేపు ఆలోచనలో పెట్టిన ఎదురువాదం ఒకటుంది. అదే రోజు, అదే రన్‌వే మీద, ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి పోస్ట్ స్నేహితుడు జో క్రాసన్ ప్రొపెల్లర్‌నీ మెకానిక్కుల్నీ ఎక్కించుకొచ్చి శుభ్రంగా దిగాడు. రన్‌వేది తప్పయితే ఆయన ఎలా దిగాడు? నిజానికి ఈ ప్రశ్నే గుంట వాదాన్ని పడగొడుతుంది. క్రాసన్ అలాస్కాలో పండిపోయిన పైలట్. ఇలాంటి గనుల రన్‌వేలు ఆయనకి రోజువారీ పని. ఆ ప్రాంతంలో తిరిగే ఫెయిర్‌చైల్డ్, స్టిన్సన్ లాంటి విమానాలు వేగాకంటే నిదానం, గాలిని ఎక్కువ పట్టుకునేవి. అన్నిటికీ మించి ఆయన తెల్లవార్లూ దారి వెతుక్కుంటూ తిరిగి రాలేదు. రన్‌వే ఒకటే, గుంట ఒకటే. మారింది విమానం, మనిషి.

ముక్కు ముందు ఏముందో కనపడదు

వేగా తోక నేలకి ఆనించి నిలబడే విమానం. పార్క్ చేసి ఉన్నప్పుడు ముక్కు ఆకాశం వైపు చూస్తుంటుంది. పైలట్ సీటు రెక్క ముందు అంచు దగ్గర, ఎత్తులో ఉంటుంది. ముందు తొమ్మిది సిలిండర్ల వాస్ప్ ఇంజను, దాని చుట్టూ గుండ్రటి కౌలింగ్. మూడు చోట్లా ఒకేసారి నేలకి ఆనేలా దింపితే, అంటే రెండు ముందు చక్రాలూ తోకా కలిపి, ఆఖరి క్షణాల్లో ముందు రన్‌వే కనపడదు. పక్క కిటికీల్లోంచి అంచులు చూసుకుంటూ నేలెంత దూరంలో ఉందో, విమానం తిన్నగా పోతోందో లేదో పోల్చుకోవాలి. కొత్త ఊళ్ళో, పొట్టి రన్‌వే మీద, చివర ఏముందో కనిపించదు.

సరే, పొరపాటున వేగంగా దిగాడు, చివర గుంట ఉందని పైనుంచి చూసి గుర్తుపెట్టుకున్నాడు, బ్రేకులు తొక్కుతాడు. అప్పుడేమవుతుంది? తోక విమానాల్లో బరువుకేంద్రం ముందు చక్రాల వెనక ఉంటుంది. చక్రం నేలకి ఆనిన చోటు నుంచి బరువుకేంద్రం దాకా గీత గీస్తే, నిట్టనిలువు గీతకి ఆ గీతకీ మధ్య కోణం 16 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండేలా చూడాలని డిజైన్ పుస్తకాలు చెబుతాయి. తోక కింద ఆని ఉన్నప్పటి మాట ఇది. ఆ కోణం 16 ఉంటే 0.28 దాటిన బ్రేకింగ్‌కి తోక లేవడం మొదలవుతుంది. పైన లెక్కలో మూడు సెకన్లు తేలితే కావలసిన బ్రేకింగ్ కూడా 0.28. ఆగడానికి కావలసింది ఎంతో, తోక లేపేది కూడా అంతే.

పైగా తోక కొంచెం లేస్తే చాలు, ఆ కోణం ఇంకా చిక్కిపోతుంది. విమానం బల్లపరుపుగా వచ్చేసరికి 16 కాస్తా నాలుగైదు డిగ్రీలు మిగులుతుంది, అప్పుడు 0.1 కూడా అక్కర్లేదు. అంటే ముక్కు మీద పడటం ఒకసారి మొదలైందంటే ప్రతి క్షణం సులువవుతూ పోతుంది. తోక లేస్తోందని తెలిసి బ్రేకు వదిలి స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) వెనక్కి లాగినా తోక దించడానికి దాని మీద గాలి ఉండాలి. నెమ్మదించిన విమానానికి తోక మీద గాలి ఉండదు. ఇంజను పెంచి గాలి తెచ్చుకుందామంటే ముందు గుంట ఉంది. గుంటలోకి ముందు చక్రం దిగిన క్షణాన అది కొండంత బ్రేకు వేసినట్టే. ముందు భాగం ఆగిపోతుంది, వెనకది ఆగదు.

ఇది ఒక్క విన్నీ మే జాతకం కాదు. పేరున్న పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ వేగా కూడా 1930 సెప్టెంబరులో ఇలాగే ముక్కు మీద పడింది. ఆ దెబ్బకి ఫ్యూజలాజ్ మొత్తం మార్చాల్సి వచ్చింది. రెండేళ్ళ తరవాత ఆమె ఒంటరిగా అట్లాంటిక్ దాటింది ఆ మరమ్మతు చేసిన విమానంలోనే. ఇప్పుడు మ్యూజియంలో ఎర్రగా మెరిసిపోతున్న ఆ వేగాని చూసినవాళ్ళలో దాని ఒళ్ళు రెండోదని తెలిసినవాళ్ళు తక్కువ. 1931లో విన్నీ మేకే అలాస్కాలో సాలమన్ దగ్గర సముద్రపు ఒడ్డు ఇసుకలో చక్రం కూరుకుపోయింది. తోక లేచింది, ప్రొపెల్లర్ కొనలు ఇసుకని కొట్టి వంగాయి. అంతకుముందు సైబీరియాలో బ్లాగోవెష్‌చెన్స్క్‌లో బురదలో దిగబడి గంటలకొద్దీ కదల్లేదు. ఎడ్మంటన్‌లో మైదానం నీళ్ళలో నానిపోతే పోర్టేజ్ అవెన్యూ అనే నగర వీధి మీంచే పైకి లేపారు. గాల్లో ఆ విమానం ఎంత నమ్మకంగా ఎగిరిందో, నేల మీద అన్నిసార్లు ఇరుక్కుంది. దీన్ని వరస దురదృష్టం అనుకోమంటే నేను ఒప్పుకోలేను.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 1935 ఫిబ్రవరిలో పోస్ట్ అదే విమానంలో ప్రెషర్ సూట్ (లోపల గాలి ఒత్తిడి నిలిపే దుస్తులు) వేసుకుని చాలా ఎత్తు మీద ఎగిరే ప్రయత్నం చేశాడు. గాలి అడ్డు తగ్గించడానికి టేకాఫ్ అవగానే చక్రాల్నే జారవిడిచేశాడు. దిగడానికి కడుపు కింద స్కిడ్, అంటే నేల మీద జారే పట్టీ, ఒకటి ఉంది. ఇంజన్లోకి ఎవరో రాపిడి పొడి వేయడంతో అది మొరాయించింది. ఇంజను లేకుండా, చక్రాలు లేకుండా, కాలిఫోర్నియాలో మ్యురాక్ దగ్గర ఎండిపోయిన సరస్సు మీద దిగాడు. విమానానికి చెప్పుకోదగ్గ దెబ్బే తగల్లేదు. ఇంజనూ చక్రాలూ అన్నీ ఉన్నప్పుడు ఫ్లాట్‌లో విరిగింది, ఏవీ లేనప్పుడు మ్యురాక్‌లో క్షేమంగా దిగింది. అక్కడ ముందు మైళ్ళ తరబడి బల్లపరుపు నేల ఉంది, తట్టుకుని ముక్కు మీద పడేసే చక్రం లేదు.

కన్ను కారణమా, నిద్ర కారణమా?

పోస్ట్‌కి ఎడమ కన్ను లేదు. 1926లో చమురు బావి దగ్గర పనిచేస్తుండగా ఇనుప ముక్క తగిలి పోయింది. వచ్చిన పరిహారం డబ్బుతోనే మొదటి విమానం కొన్నాడు. ఒంటికన్ను వాడు దూరం అంచనా వేయలేక గుంటలో పడ్డాడని అనేయడం చాలా తేలిక. నేను దాన్ని నమ్మను. రెండు కళ్ళతో వచ్చే లోతు అంచనా దగ్గరి వస్తువులకి బాగా పనికొస్తుంది, దూరం పెరిగేకొద్దీ దాని విలువ పడిపోతుంది. విమానం దింపేటప్పుడు పైలట్‌కి దారి చూపేవి వేరు: గడ్డి పరకలు ఎప్పుడు విడివిడిగా కనిపించడం మొదలైంది, పక్కనుంచి నేల ఎంత వేగంగా జారిపోతోంది, రన్‌వే ఆకారం ఎలా సాగుతోంది. ఇవన్నీ ఒక కన్నుతో దొరుకుతాయి. కన్ను పోయాక పోస్ట్ దారిలో ఓ చెట్టునో గుట్టనో చూసి అది ఎంత దూరమో అంచనా వేసుకుని, నడిచి అడుగులు లెక్కపెట్టి సరిచూసుకునేవాడు. అంత సాధన చేసినవాడు, అప్పటికే వేల లాండింగ్‌లు చేసినవాడు, కన్ను వల్ల పడ్డాడనడం న్యాయం కాదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు సందేహం తీరదు. ముక్కు అడ్డం వచ్చే విమానంలో చివరి సెకన్లలో పక్కకి చూడాలన్నాం కదా. ఎడమ కన్ను లేనివాడికి ఎడమ పక్క చూపు తన ముఖం మీది ముక్కు అడ్డొచ్చే దగ్గరే ఆగిపోతుంది. అటు చూడాలంటే మెడ బాగా తిప్పాలి, తిప్పినంతసేపూ కుడి పక్క పోతుంది. పెద్ద ఎయిర్‌పోర్టులో దీనివల్ల నష్టం లేదు. 700 అడుగుల్లో, మూడు సెకన్లలో, దాని ఖరీదు ఎంతో చెప్పడం కష్టం.

నిద్ర సంగతి వేరు, అక్కడ నాకు సందేహం లేదు. జులై 15 తెల్లవారుజామున న్యూయార్క్‌లో బయల్దేరి బెర్లిన్ దాకా ఆగకుండా 25 గంటల 45 నిమిషాలు. తరవాత కోనిగ్స్‌బర్గ్, మాస్కో, నొవోసిబిర్స్క్, ఇర్కుట్స్క్, రుఖ్లోవో, ఖబారోవ్స్క్. పనిభారం తగ్గించాల్సిన స్పెర్రీ ఆటోపైలట్ మొరాయిస్తుంటే దాని మరమ్మతు కోసం ఆగాల్సి వచ్చింది, నిద్రకి దొరికిన గంటలు అలా కరిగిపోయాయి. కునుకు పట్టకుండా వేలికి దారంతో రెంచ్ కట్టుకుని చేతిలో పట్టుకునేవాడు. కళ్ళు మూతపడి పట్టు సడలితే రెంచ్ జారిపడి వేలిని గుంజుతుంది, మెలకువ వస్తుంది. దీన్ని తెలివైన ఉపాయంగా చెప్పుకుంటారు. ఆ ఉపాయం అవసరమయ్యే స్థితిలో ఉన్నవాడి చేతిలో, కొద్ది గంటల తరవాత, సెకనుకి 88 అడుగుల లెక్క పెట్టడం గురించి ఆలోచించండి.

1931 ప్రపంచయాత్రలో ఈ బరువు సగం హెరాల్డ్ గాటీ మోశాడు. దారి చూడటం ఆయన పని, విమానం నడపడం పోస్ట్ పని. 1933లో గాటీ స్థానంలో రేడియో కంపాస్ (రేడియో స్టేషన్ ఏ దిక్కున ఉందో చూపే పరికరం), ఆటోపైలట్. అలాస్కా చేరాక రేడియో దారి చూపడం మానేసింది. కొండల మధ్య గంటల తరబడి వెతుక్కుంటూ తిరిగి చివరికి ఫ్లాట్ కనిపిస్తే దిగాడు. అలాంటి స్థితిలో మనిషికి నేల కనిపించిందంటే ఇక వదలబుద్ధి కాదు. నా ఉద్దేశంలో ప్రమాదం జరిగిపోయింది ఇక్కడే, చక్రాలు నేలకి ఆనకముందే. రన్‌వే మొదటి మూడో వంతులో చక్రాలు ఆనకపోతే మళ్ళీ పైకి లేవాలి అన్నది పొట్టి రన్‌వేల నియమం. 700లో మూడో వంతంటే 233 అడుగులు, రెండున్నర సెకన్లు. ఆ రెండున్నర సెకన్లలో వద్దు అనుకుని థ్రాటిల్ (ఇంజను జోరు పెంచే పిడి) ముందుకి తొయ్యడానికి కండబలం అక్కర్లేదు. నిద్ర తీరిన బుర్ర కావాలి.

సమర్థించేవాళ్ళు ఒక మాట అంటారు: ఇంకేం చేస్తాడు, దారి తప్పాడు, పెట్రోలు తరుగుతోంది, కనిపించిన చోట దిగడం వివేకమే కదా. అవును, వివేకమే. ఫ్లాట్‌లో దిగాలన్న నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. తెలియని కొండల్లో ఇంకో గంట తిరిగి ఉంటే ఈ కథ రికార్డుతో ముగిసేది కాదు. నేను తప్పుపట్టేది ఆ నిర్ణయం తప్పనిసరయ్యేదాకా తెచ్చిన ప్రణాళికని. ఎడమ కన్ను లేని ఒంటరి పైలట్, నిద్రకి చోటులేని వారం, దిగడానికి ఫ్లాప్స్ లేని విమానం. ఇందులో ఏ ఒక్కదాన్నైనా సర్దుకోవచ్చు. మూడూ ఒకేచోట కలిశాయి.

పడ్డ తరవాత

రెక్క పైన ఉండబట్టి అది నేలని తాకలేదు, చెక్క డొల్ల పగల్లేదు. పోయింది కుడి చక్రం కాలు, ప్రొపెల్లర్. ఈ రెండూ విప్పి మార్చగలిగేవి కాబట్టే కథ నడిచింది.

సాలమన్‌లో వంగిన కొనల్ని పోస్ట్ సుత్తితో, రాయితో కొట్టి సరిచేసి ఎగిరిపోయాడు. అది వీరత్వంగా చెప్పుకుంటారు, నాకు మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. తొమ్మిది అడుగుల ప్రొపెల్లర్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే కొన దగ్గర పది గ్రాముల బరువు తేడా ఇంజను ఇరుసుని 60 కిలోల బలంతో గుంజుతుంది, ప్రతి చుట్టుకీ దిక్కు మార్చుకుంటూ. పైకి తిన్నగా కనిపించే లోహంలో వంచి సరిచేసిన చోట సన్నటి పగులు ఉంటే, అది పెరిగి కొన ఊడిపోతే, ఇంజనే దాన్ని పట్టి ఉంచే మౌంట్ల నుంచి ఊగి విరిగే ప్రమాదం ఉంది. ఇప్పుడైతే ప్రొపెల్లర్ నేలకి తగిలిందంటే ఇంజను విప్పి క్రాంక్‌షాఫ్ట్ తిన్నగా ఉందో లేదో చూడకుండా ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు. ఫ్లాట్‌లో వంపు సుత్తికి లొంగేది కాదు. అది ఒకరకంగా మేలే చేసింది, కొత్తది తెప్పించక తప్పలేదు.

గనుల్లో పనిచేసేవాళ్ళు వచ్చి విమానాన్ని లేపి నిలబెట్టారు. బరువులు ఎత్తడం, ఇనుము అతకడం వాళ్ళకి రోజూ చేసే పనే. క్రాసన్ తెచ్చిన మెకానిక్కులు కాలు కట్టి ప్రొపెల్లర్ బిగించారు. వాళ్ళ పేర్లు చాలా పుస్తకాల్లో కనపడవు, అది నాకు బాధగా ఉంటుంది. ఒంటరి యాత్ర అన్నమాటలో అబద్ధం లేదు, సీట్లో పోస్ట్ ఒక్కడే ఉన్నాడు. ఆ సీటు మళ్ళీ గాల్లోకి లేవడానికి ఒక ఊరు రాత్రంతా పనిచేసింది. క్రాసన్ రెండేళ్ళ తరవాత, 1935 ఆగస్టులో, పాయింట్ బారో దగ్గర ఇంకో విమానం కూలి పోస్ట్, అందులో ఉన్న హాస్యనటుడు విల్ రోజర్స్ చనిపోయినప్పుడు వాళ్ళ దేహాల్ని తీసుకురావడానికి కూడా తనే వెళ్ళాడు.

వాళ్ళు కాలు కడుతున్నంతసేపూ పోస్ట్ నిద్రపోయాడు. ఆ యాత్రలో ఆయనకి దొరికిన మంచి నిద్రల్లో అదొకటై ఉంటుంది. లేచాక అదే 700 అడుగుల మీంచి ఫెయిర్‌బ్యాంక్స్‌కి టేకాఫ్ చేశాడు.